చెట్లు కొట్టేవాళ్లకు అడ్డూ అదుపూ లేదా? మా మామిడిని మోడు చేసి పోయారు

ముమ్మిడివరం_మూర్తి
మొన్న మా వీధిలో కరెంటు తీగలకు అడ్డం వస్తున్నాయని చెట్లు కొట్టించారు. చెప్పాపెట్టకుండా వచ్చారు. నేను పని మీద అమలాపురంలో ఉన్నాను, ఇంట్లో మా అమ్మ ఒక్కతే ఉంది. సాయంత్రం వచ్చి చూస్తే కొత్తపల్లి కొబ్బరి మామిడికి రోడ్డు వైపు సగం లేదు. కాయ ఇంకొన్నాళ్లలో కోయాల్సింది. ఊరగాయకి ఎవరెవరికి ఎన్నెన్ని పంపాలో అమ్మ లెక్క కూడా వేసుకుంది. కొట్టిన కొమ్మలన్నీ మురుగు కాల్వలో తోసేసి పోయారు, రేపు వానొస్తే నీళ్లు మా గుమ్మంలోకే. పక్కనున్న కొబ్బరిచెట్టుకి రెండు గెలలు కూడా కనపడటం లేదు.
అడగాల్సినవి మూడు. వీళ్లకి అసలు పని తెలుసా? మన స్థలంలో చెట్టు కొట్టడానికి మనల్ని అడగక్కర్లేదా? పోయిన చెట్టుకి డబ్బులేమైనా ఇస్తారా?

బొండాం_బాబాయ్
ఆ రెండు గెలలూ తీగలకు అడ్డం వచ్చి ఉంటాయిలెండి. పాపం, ఎండలో పనిచేసి దాహం వేసుంటుంది.

కోనసీమ_కుర్రోడు
మా దగ్గరా ఇదే కథ. "ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 2 వరకు సరఫరా ఉండదు" అని మెసేజ్ వచ్చింది. చెట్టు కొడతామని అందులో ఒక్క ముక్క లేదు. కరెంటు మాత్రం నాలుగున్నరకి ఇచ్చారు.

రొయ్యల_చెరువు
నేను వేరేలా చెప్తా, తిట్టుకోకండి. నా అభిప్రాయంలో వీళ్లు కొట్టేది చాలటం లేదు. మాది కాట్రేనికోన వైపు, చెరువులో వనామి రొయ్య వేస్తాను. తెల్లవారుజామున రెండింటికీ మూడింటికీ చిన్న గాలి వీస్తే చాలు, ఎక్కడో ఒక కొమ్మ తీగని తాకుతుంది, ఫీడరు, అంటే సబ్‌స్టేషన్ నుంచి వచ్చే లైను, ట్రిప్పయి కరెంటు పోతుంది. ఆ టైములో చెరువు నీళ్లలో డీవో (కరిగిన ఆక్సిజన్) ఎలాగూ తక్కువ ఉంటుంది. నీళ్లకి గాలి పట్టించే ఏరియేటర్లు ఆగితే గంట గడవకముందే రొయ్య పైకి తేలడం మొదలవుతుంది. రొయ్య పిల్లల్ని వేసిన దగ్గర్నుంచి మేత, మందులు, కరెంటు బిల్లు అన్నీ ఆ ఒక్క కొమ్మ మీద పోతాయి. అప్పుడు నాకు మూర్తి గారి ఊరగాయ గుర్తొస్తుందా చెప్పండి?

ముమ్మిడివరం_మూర్తి
రొయ్యల_చెరువు గారూ, మీ బాధ నాకు అర్థమైంది. కొట్టొద్దని నేనెక్కడా అనలేదే. మనిషి వచ్చి తలుపు తట్టి చెప్తే నేనే నిలబడి ఏ కొమ్మ తీయాలో చూపించేవాణ్ని. కాయ కోసుకోవడానికి ఒక పూట ఇస్తే ఏం పోయింది?

పాత_లైన్‌మన్
జీవితమంతా తీగల కిందే గడిపి రిటైరైనవాణ్ని, కాస్త పొడుగ్గా రాస్తాను.
చెట్లు కొట్టేవాళ్లు డిపార్ట్‌మెంట్ మనుషులు కారు. వానల ముందు చేయించే పని ఇది, కాంట్రాక్టుకి ఇస్తారు. కాంట్రాక్టరు కింద మేస్త్రీ, మేస్త్రీ కింద ముఠా. అందులో ఎక్కేవాడు ఒకడో ఇద్దరో, మిగతావాళ్లు తాడు పట్టడానికీ కొమ్మలు లాగడానికీ. లెక్క కిలోమీటర్ల మీద కడతారు కాబట్టి మీ ఇంటి ముందు ఎంతసేపు నిలబడితే మేస్త్రీకి అంత నష్టం. కాల్వలో కొమ్మలు ఎందుకున్నాయో ఇక్కడే తెలిసిపోతుంది. కొమ్మ ఎత్తి దూరంగా వేయాలంటే ట్రాక్టరు కావాలి, ఆ ఖర్చు ఎవరూ పెట్టుకోరు.
లైన్‌మన్ పని ఎల్.సి. తీసుకోవడం, దగ్గరుండి చూడటం. ఎల్.సి. అంటే లైన్ క్లియర్, తెలియనివాళ్లకి చెప్తున్నా: ఫలానా ఫీడరు ఆపాను, నువ్వు తిరిగి అప్పగించేదాకా వెయ్యను అని సబ్‌స్టేషన్‌లో షిఫ్ట్ ఆపరేటరు పుస్తకంలో రాసి ఇచ్చే మాట. చెట్టెక్కినవాడి ప్రాణం ఆ మాట మీద ఉంటుంది.
అంత దూరం ఎందుకు కొడతారంటే, మామిడికైనా బాదానికైనా కొట్టిన చోట ఒక్క వానాకాలంలో మనిషెత్తు చిగురొస్తుంది. గాలికి ఊగే దూరం దానికి అదనం. తీగ కూడా ఉన్నచోట ఉండదండి, ఎండకీ లోడుకీ వేడెక్కి సాగి కిందికి దిగుతుంది. జనవరిలో చూసిన ఎడం మే నెలలో ఉండదు.
ఇక చట్టం. 2003 విద్యుత్ చట్టంలో 68వ సెక్షన్ చూడండి. తీగకు అడ్డం వచ్చే చెట్టుని తీయించమని కరెంటు సంస్థ ఎగ్జిక్యూటివ్ మెజిస్ట్రేటుకి గానీ ప్రభుత్వం నియమించిన అధికారికి గానీ దరఖాస్తు పెట్టవచ్చు. లైను వేయకముందు నుంచీ ఉన్న చెట్టయితే దాని మీద హక్కున్నవాళ్లకి తగిన పరిహారం ఇప్పించాలి. చెట్టంటే పొద, కంచె, మొక్క అన్నీ వస్తాయని కూడా అక్కడే ఉంది. మూర్తి గారూ, చెట్టు ముందా, లైను ముందా?

ముమ్మిడివరం_మూర్తి
చెట్టే ముందు. మా తాత నాటింది. లైను నేను హైస్కూల్లో ఉన్నప్పుడు వేశారు. అప్పుడు స్తంభం రోడ్డుకి అవతల వైపు పాతమని నాన్న బతిమాలాడు, అవతల ఇంటాయనకి పలుకుబడి ఉంది.

బొండాం_బాబాయ్
కోనసీమలో ఏ లైను వంకర చూసినా అవతల పలుకుబడి ఉన్నాయన ఇల్లు ఉంటుంది.

పాత_లైన్‌మన్
అయితే మీకు అడిగే హక్కుంది. చెట్టు వయసు తెలిసిన పెద్దలు ఇద్దరి మాట, స్థలం కాగితం, ఇప్పటి ఫొటోలు పెట్టి రాతపూర్వకంగా కరెంటు ఆఫీసులో ఏఈకి (అసిస్టెంట్ ఇంజనీరుకి) ఇవ్వండి, రెండో కాపీ మీద సంతకం, ముద్ర వేయించుకోండి. నోటితో చెబితే గాలికి పోతుంది.

కోనసీమ_కుర్రోడు
కొమ్మ వదిలేయాలంటే "టీ ఖర్చులు" అడిగారు మా వీధిలో. ఇచ్చినవాళ్ల చెట్టు పచ్చగా ఉంది, ఇవ్వనివాళ్లది మోడు. దీనికే సెక్షను వర్తిస్తుంది గురువుగారూ?

కొమ్మకత్తి
చాలాసేపటి నుంచి చదువుతున్నా. నేను ఆ ముఠాల్లో పనిచేసినవాణ్నే. అసలు వృత్తి కొబ్బరి దింపు, మా నాన్నదీ అదే. వేసవిలో మేస్త్రీ పిలిస్తే లైను పనికి వెళ్లేవాణ్ని.
కుర్రోడు తమ్ముడూ, టీ ఖర్చులు అడిగేవాళ్లు ఉన్నారు, లేరని ఎలా అంటాను? కానీ ఇంకోటి కూడా విను. "మాది వదిలేసి పక్కింటోళ్లది కొట్టు" అని వాళ్లంతట వాళ్లే నోటు జేబులో కుక్కేవాళ్లు వీధికి ఇద్దరుంటారు. తీసుకున్నా తిట్లే, తీసుకోకపోయినా తిట్లే.
గెలల సంగతి. తీగ మీదికి వాలిన గెల ఉంచితే అది పండి రాలేది తీగ మీదకే. దాన్ని దించాలి. దించింది ఇంటివాళ్లకి ఇవ్వాలి. ఇంట్లో ఎవరూ లేకపోతే కింద లాగేవాళ్లలో ఎవడో ఒకడు సంచిలో వేసుకుంటాడు, పేరు మాత్రం పైకెక్కినవాడికి వస్తుంది.
పైన ఏముంటుందో చెప్తా. మామిడి మీద ఎర్ర చీమల గూళ్లు. చెయ్యి పెట్టగానే మెడ దగ్గర్నుంచి నడుము దాకా ఎక్కేస్తాయి, దులుపుకోడానికి రెండో చెయ్యి ఖాళీ ఉండదు. కందిరీగలుంటే ఇంకా నయం, ముందే కనిపిస్తాయి. కింద ఇంటావిడ అరుస్తుంది, మేస్త్రీ తొందర చేస్తాడు, దారిన పోయే ప్రతివాడూ ఏ కొమ్మ కొట్టాలో చెప్తాడు. ఇవన్నీ అలవాటైపోతాయి. అలవాటు కానిది ఒక్కటే, లైను నిజంగా చచ్చిందా లేదా అన్నది. స్విచ్చి నాకు కనిపించే చోట ఉండదు. "ఎల్.సి. వచ్చింది, ఎక్కు" అంటే ఎక్కడమే.
ఒకసారి ఐ.పోలవరం దగ్గర ఒక చెట్టు మీద ఉండగా పక్క కొమ్మ చిటచిటలాడింది. ఫీడరు ఆపే ఉంది. ఎవరో జనరేటరు వేశారు.

రొయ్యల_చెరువు
ఇదిగో, ఇప్పుడు అందరూ నా వైపు చూస్తారు. నా జనరేటరుకి చేంజ్ ఓవర్ స్విచ్ ఉంది, దాని కరెంటు బయటి లైన్లోకి పోదు. కావాలంటే ఫొటో పెడతా.

పాత_లైన్‌మన్
మీకు ఉంది, సంతోషం. మీ పక్క చెరువాయనకి ఉందా? కొందరు మెయిన్ తీయకుండా జనరేటరు వైరు నేరుగా బోర్డుకి తగిలిస్తారు. "నాది 400 వోల్టులే కదా" అంటారు. ఆ కరెంటు సర్వీసు వైరులోంచి వెనక్కి ట్రాన్స్‌ఫార్మరులోకి పోతే అవతలి పక్క 11 వేల వోల్టులై తీగలోకి వెళ్తుంది. చెట్టు మీద ఉన్నవాడు లైను ఆగిందనే ధైర్యంతో ఉంటాడు.
అందుకే ఎల్.సి. ఒక్కటీ చాలదు. స్తంభం మీద లైన్ని విడదీసే ఏబీ స్విచ్ తెరిచి, మూడు బ్లేళ్లూ విడిపోయాయో లేదో కళ్లతో చూడాలి. పనిచేసే చోటికి రెండు వైపులా ఎర్త్ రాడ్లు తగిలించాలి. అప్పుడు ఎవరు వెనక నుంచి తోసినా భూమిలోకి పోతుంది. రాడ్డు తగిలించడానికి ఎంతో సేపు పట్టదు. పట్టదు గానీ, కిలోమీటర్ల లెక్క ఉన్నచోట ఆ కాసేపూ ఎక్కువే అనిపిస్తుంది.

కొమ్మకత్తి
రాడ్లు కొన్నిసార్లు జీపులోనే ఉండిపోయేవి. ఎక్కనంటే "రేపట్నుంచి రావక్కర్లేదు" అనేవారు.

రాజోలు_రమ
ఈ మాట రాయాలా వద్దా అని ఆలోచించి రాస్తున్నా. మా మరిది ఈ పనిలోనే చెట్టు మీద నుంచి పడ్డాడు. షాకు కాదు, కొమ్మ విరిగింది. నడుం దెబ్బతింది. ఆసుపత్రికి వెళ్లేసరికి కాంట్రాక్టరు "మస్టర్‌లో (హాజరు పుస్తకంలో) పేరు లేదు, మా మనిషి కాడు" అన్నాడు. 1923 నాటి కార్మికుల నష్టపరిహార చట్టం కింద కేసు వేశాం. కాంట్రాక్టరు మనిషైనా ఆ పని ఎవరిదో వాళ్లనీ అడగొచ్చని లాయరు చెప్పాక దారి దొరికింది. చాలా తిరిగాం, కొంత వచ్చింది. ఇప్పుడు కిళ్లీ కొట్టు పెట్టుకున్నాడు.
ఎక్కేవాళ్లకి ఒక్కటే చెప్తా. పనిలోకి దిగేముందు పేరు మస్టర్‌లో రాయించుకుని ఫోన్‌లో ఫొటో తీసుకోండి. మేస్త్రీ ముఖం మాడ్చుకుంటే మాడ్చుకోనీండి.

ముమ్మిడివరం_మూర్తి
రమ గారూ, మీ మరిది గారి సంగతి చదివాక మా మామిడి చిన్నదైపోయింది. అయినా కాల్వలో కొమ్మల మీద నా కోపం అలాగే ఉంది.

కడియం_నర్సరీ
కొట్టే పద్ధతి గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి నేను మాట్లాడతా. మూర్తి గారూ, ఫొటో పెట్టండి. కొమ్మల్ని మధ్యలో అడ్డంగా నరికేసి మొండాలు వదిలేశారా?

ముమ్మిడివరం_మూర్తి
అదే చేశారు. ఒకచోట బెరడు కాండం దాకా చీరుకుపోయింది.

కడియం_నర్సరీ
అనుకున్నా. కొమ్మని మధ్యలో నరికితే చెట్టు కంగారుపడుతుంది, ఆ మొండెం చుట్టూ గుత్తులుగా చిగుళ్లు తీస్తుంది. అవి పైపైన అతుక్కున్న చిగుళ్లు, గట్టి ఉండదు. వచ్చే ఏడాదికి తీగ దగ్గర ఇప్పటికంటే గుబురు ఎక్కువవుతుంది, గాలికి ముందు విరిగేవీ అవే. అలా కాకుండా తీగకు దూరంగా పోయే పక్క కొమ్మ ఎక్కడ మొదలైందో అక్కడికి వెనక్కి వెళ్లి కోస్తే పెరుగుదల అటు మళ్లుతుంది. మళ్లీ ఆ చెట్టు జోలికి రావడానికి కొన్నేళ్లు పడుతుంది.
లావు కొమ్మకి మూడు కోతలు. ముందు కింద నుంచి కొంచెం, తర్వాత దానికి కాస్త ముందు పై నుంచి పూర్తిగా, చివర్న మిగిలిన ముక్క కాండం దగ్గర ఉబ్బెత్తుగా ఉండే మెడని తాకకుండా. కింద కోత పెట్టకపోతే బరువుకి బెరడు చీరుకుపోతుంది, మీ చెట్టుకి జరిగింది అదే. చీరిన చోట వేలాడే బెరడుని పదును చాకుతో శుభ్రంగా తీసేసి బోర్డో పేస్టు (మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద) పూయండి.
అలాగే, తీగల కింద టేకు, నేరేడు, బాదం నాటకండి బాబూ. మా దగ్గర కొనేటప్పుడు ఎక్కడ వేస్తున్నారని అడిగితే "ఖాళీ ఉంది కదండీ" అంటారు. ఆ ఖాళీ తీగల కోసం వదిలిందని ఎవరికీ తట్టదు. కరివేపాకు, నిమ్మ, మందారం, నందివర్ధనం వేసుకోండి.

కొమ్మకత్తి
మూడు కోతలూ మాకు తెలుసండి. రంపం ఇస్తే చేస్తాం. ఇచ్చేది కత్తి.

డాలస్_అల్లుడు
ఇక్కడ ఈ పనికి బకెట్ లారీ వస్తుంది. మనిషి తొట్టిలో నిలబడి పైకి వెళ్తాడు, కొట్టిన కొమ్మల్ని అక్కడికక్కడే పొడి చేసే మెషీన్ వెనకాల ఉంటుంది. ముందు రోజు తలుపుకి కాగితం తగిలించి వెళ్తారు.

బొండాం_బాబాయ్
అల్లుడు గారూ, ఆ లారీని ఏరు దాటించే పంటు మీద ఎక్కించి లంకలోకి ఎలా దించుతారో కూడా చెప్పి పుణ్యం కట్టుకోండి.

కోనసీమ_కుర్రోడు
మా సందులోకి ఆటో రావాలంటేనే అరుగులు పక్కకి జరపాలి.

పాత_లైన్‌మన్
అల్లుడు గారి దేశాన్ని మరీ ఎత్తేయక్కర్లేదు. 2003 ఆగస్టు 14న ఒహాయోలో లోడుకి వేడెక్కి సాగిన 345 కేవీ (3 లక్షల 45 వేల వోల్టుల) లైన్లు కింద పెరిగిన చెట్లకి తగిలాయి. కంట్రోల్ రూమ్‌లో అలారమ్ సాఫ్ట్‌వేర్ కూడా అప్పుడే మొరాయించింది. ఒకటి తర్వాత ఒకటి పడిపోయి అమెరికా, కెనడాల్లో కలిపి 5 కోట్ల మందికి కరెంటు పోయింది. తీగ సాగుతుందని నేను పైన రాసింది ఇందుకే.

డాలస్_అల్లుడు
ఒప్పుకున్నా. ఆ తర్వాతే ఇక్కడ పెద్ద లైన్ల కింద చెట్ల విషయంలో నిబంధనలు బిగించారు.

లంక_రైతు
మీరంతా మామిడి గురించి మాట్లాడుతున్నారు. మనది కొబ్బరి దేశం. కొబ్బరిని ఎలా కత్తిరిస్తారు? మొవ్వు తీస్తే చెట్టు చచ్చింది. కమ్మలు కొడితే నెలకొకటి కొత్తది వస్తూనే ఉంటుంది. 11 కేవీ స్తంభం 30 అడుగులు, అందులో ఐదడుగులు భూమిలో. మా నాటు కొబ్బరి యాభై, అరవై అడుగులు. చెట్టు తీగ పక్కన ఉందా, పది గజాల అవతల ఉందా అన్నది లెక్కలోకే రాదు, పడితే తీగ మీదే పడుతుంది.
1996 నవంబరు 6 రాత్రి నేను చూశాను. తెల్లారేసరికి తోటలకు తోటలే నేలమీద ఉన్నాయి, స్తంభాలు వాటి కింద ఉన్నాయి. మా లంకకి కరెంటు తిరిగి వచ్చేసరికి ధనుర్మాసం ముగ్గులు పడుతున్నాయి. ఆ తుపానుకి వేసవిలో ఎన్ని కమ్మలు కొట్టి ఉంటే ఆగేది?

రొయ్యల_చెరువు
అంటే తీగ పక్క కొబ్బరి మొత్తం తీసేయాలంటారా?

లంక_రైతు
ఒరిగినవీ, మొదలు దగ్గర బంక కారే తెగులొచ్చినవీ, మొవ్వు ఎండినవీ తీసేయాలంటాను. నిటారుగా కాపు కాసేదాన్ని తీస్తానంటే ముందు డబ్బు చేతిలో పెట్టాలి. కొబ్బరి చెట్టు ఒక మనిషి సంపాదన. దాన్ని కమ్మ ఖరీదు కట్టి కొట్టేస్తామంటే ఊరుకోం.

మండపేట_మాస్టారు
విశాఖలో 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చాక ప్రపంచ బ్యాంకు అప్పుతో తీగల్ని భూమిలోకి దించారు. డెల్టాలో కూడా అలా చేస్తే ఈ గొడవే ఉండదు కదా?

పాత_లైన్‌మన్
పట్నంలో ఇళ్లు దగ్గర దగ్గరగా ఉంటాయి, ఖర్చు గిట్టుతుంది. ఇక్కడ ఒక్కో ఇంటికీ మధ్య తోట, కాల్వ, చేను. నాలుగడుగులు తవ్వితే నీళ్లు. కేబులు పాడైతే ఎక్కడ పాడైందో వెతకడమే పెద్ద పని. వీధుల్లో ఇళ్లకి వచ్చే తక్కువ వోల్టేజీ (ఎల్.టి.) తీగల బదులు ఏబీ కేబులు వేస్తే చాలా నయం. ప్లాస్టిక్ తొడుగున్న వైర్లు మెలేసి ఉంటాయి, కొమ్మ తగిలినా వెంటనే షార్టవదు. అయితే కొమ్మ ఏళ్ల తరబడి రాసుకుంటూ ఉంటే ఆ తొడుగూ అరుగుతుంది. చెట్టు కొట్టే పని తగ్గుతుందే గానీ పోదు.

మండపేట_మాస్టారు
కాల్వగట్ల మీద నిద్రగన్నేరు చెట్లని మాత్రం వదిలేయండయ్యా. ఆ నీడ లేకపోతే మే నెలలో సైకిలు మీద ఎవడూ బడికి రాడు.

బొండాం_బాబాయ్
మాస్టారూ, మే నెలలో బడెక్కడుంది?

మండపేట_మాస్టారు
అడ్మిషన్ల కోసం ఇంటింటికీ తిరిగేది మేమే నాయనా.

కొత్తమెంబరు_పి_గన్నవరం
అర్జెంటండి. ఇప్పుడే ఇక్కడ గాలి వీచి మా పెరట్లో కొబ్బరి కమ్మ ఒకటి తీగ మీద పడి వేలాడుతోంది. చివర్న చిన్నగా పొగ వస్తోంది. వెదురు గెడ ఉంది, లాగేయమంటారా? నాన్న ఇనుప పైపు తెస్తానంటున్నాడు.

పాత_లైన్‌మన్
ఆగండి! గెడా వద్దు, పైపూ వద్దు. వాన చినుకు పడిందంటే వెదురులోంచి కూడా కరెంటు వస్తుంది. ముందు నాన్నని ఆపండి. 1912కి ఫోన్ చేసి స్తంభం నంబరు చెప్పండి.

కొమ్మకత్తి
తమ్ముడూ, పైపు జోలికి అసలు వెళ్లనీయకు. ద్వారకా తిరుమల వైపు పామాయిల్ తోటల్లో ఆ పొడుగు అల్యూమినియం గొట్టాలతో గెలలు కోస్తూ తీగకి తగిలి పోయినవాళ్లున్నారు.

కొత్తమెంబరు_పి_గన్నవరం
1912కి చేశాను, కంప్లైంట్ నంబరు ఇచ్చారు. నాన్న పైపు కింద పెట్టేశాడు కానీ నామీద కోపంగా ఉన్నాడు.

రాజోలు_రమ
కోపంగా ఉండనీ బాబూ.

పాత_లైన్‌మన్
తీగ తెగి కింద పడితే దగ్గరికి వెళ్లకండి, తడి నేలలో చుట్టుపక్కల కూడా షాకు ఉంటుంది. ఆ చెట్టు కింద పశువులుంటే దూరం నుంచి వెళ్లి విప్పండి, తీగ వైపు నుంచి వద్దు.

కొత్తమెంబరు_పి_గన్నవరం
గేదెని విప్పి వీధిలో కట్టాను. ఫీడరు ఆపారట, లైన్‌మన్ మా సందు మలుపు దగ్గర ఉన్నాడు. కమ్మ తీసేవాడు కావాలంటున్నాడు, పి.గన్నవరంలో ఇప్పుడు దింపు వాళ్లెవరైనా దొరుకుతారా?

కొమ్మకత్తి
మా బావమరిది అక్కడే ఉంటాడు, ఫోన్ చేస్తున్నా. ఎర్త్ రాడ్డు తగిలించాకే ఎక్కమని లైన్‌మన్ ఎదురుగా చెప్పు.